బ్యాటరీ నీళ్లు, జేజి దూది

పోయిన నెల బంధువుల పెళ్ళికని కర్నూలు వెళ్ళినప్పుడు, భోజనాలయ్యాక ఎవరికీ చెప్పకుండా బయటపడి కల్లూరు పోయే షేర్ ఆటో ఎక్కాను. ఇప్పుడు ఆ దారిలో కరెంటు ఆటోలు ఎక్కువయ్యాయి. చప్పుడు లేదు, పొగ లేదు. పక్కన కూర్చున్న ఆవిడ ఫోనులో ఎంత గొంతు తగ్గించి మాట్లాడినా అందరికీ వినబడుతోంది. ఇంకా ఒక ఫర్లాంగు ఉందనగా మా ఆటో నెమ్మదించి రోడ్డు పక్కన నిలబడిపోయింది. డ్రైవరు దిగి, సీటు ఎత్తి చూసి, "ఛార్జింగ్ దిగిపోయినాదమ్మా. ఎనకాల మావోడు వస్తాండాడు, దాంట్లో ఎక్కిస్తా," అన్నాడు. నేను అతని పక్కన నిలబడి ఆ బ్యాటరీ పెట్టెను చూశాను. "కొత్తలో వచ్చినంత దూరం ఇప్పుడు వస్తాండాదా?" అని అడిగాను. నలభై ఏళ్ళు బెంగళూరులో ఉన్నా ఆ ఊళ్ళో నిలబడితే నా నోటికి ఆ మాటే వస్తుంది. "సగం గూడా రాదమ్మా. లోపల ఒక సెల్లు వీకయినాదంట. ఒకటి పోతే అన్నీ పోయినట్లేనంట, మెకానిక్కు చెప్పినాడు," అన్నాడు. ఆ మెకానిక్కు ఎవరో గాని సరిగ్గా చెప్పాడు. ఆ మాట నేను మొదటిసారి విన్నది అక్కడికి ఫర్లాంగు దూరంలో, ఇప్పుడు మందుల షాపు ఉన్న చోట, మా నాయన కొట్టులో.

ఉపగ్రహాలకు బ్యాటరీలు తయారుచేసే పనిలో నేను ముప్ఫై అయిదేళ్ళు ఉన్నాను. రిటైరయ్యాక ఎక్కడ మాట్లాడమన్నా, ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారని పిల్లలు అడుగుతారు. కాలేజీ పేరు చెప్పి ఊరుకునేదాన్ని. అది పూర్తి నిజం కాదు.

మాది దూదేకుల కుటుంబం. తాత దాకా అందరూ విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు, బొంతలకు దూది ఏకినవాళ్ళే. నాయన మౌలాలి ఒక్కడే ఆ పని వదిలి, ఒక లారీ షెడ్డులో బ్యాటరీ పని నేర్చుకుని, కల్లూరులో రోడ్డు మీద రేకుల కొట్టు పెట్టుకున్నాడు. ముందు కొట్టు, వెనక ఇల్లు. మధ్యలో తలుపు లేదు, గోనెపట్టా పరదా ఒకటే. అందుకే మా ఇంట్లో అన్నం ఉడికే వాసనతో పాటే తారు కాగే వాసన, కరిగే సీసం వాసన, యాసిడ్ ఘాటు కలిసి ఉండేవి. అప్పటి బ్యాటరీలు నల్లటి రబ్బరు డబ్బాల్లో వచ్చేవి. ఆరు సెల్లులకు ఆరు మూతలు, మూతల చుట్టూ తారు. నాయన ఆ తారును వేడిచేసి తీసి, లోపలి ప్లేట్లను బయటకు లాగి, ఒక్కొక్కటి వెలుతురుకు పెట్టి చూసేవాడు. డాక్టరు ఎక్స్‌రే చూసినట్టుండేది ఆ చూపు. పని అయ్యాక సోడా ఉప్పు నీళ్ళలో మోచేతుల దాకా కడుక్కుని, లుంగీ మార్చుకునేదాకా మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆయన లుంగీలన్నీ చిల్లులే. అమ్మ వాటిని మా బట్టలతో కలిపి ఉతికేది కాదు, ఒక దండెం మీద ఆరేసేది కూడా కాదు.

అమ్మ పని బ్యాటరీ నీళ్ళు కాచడం. కర్నూలు బావుల్లో నీళ్ళన్నీ ఉప్పూ సున్నమూ. అవి బ్యాటరీలో పోస్తే ప్లేట్లు పాడైపోతాయి. అందుకని నాయన వెనక వసారాలో ఒక మట్టి పొయ్యి వేసి, మూత బిగించిన పాత్రకు ఎవరో కాలేజీ ల్యాబులో పక్కన పడేసిన గాజు గొట్టం తగిలించాడు. పాత్రలో నీళ్ళు మరుగుతుంటే ఆవిరి ఆ గొట్టంలోంచి వచ్చి, తడిబట్ట చుట్టిన చోట చల్లబడి, చుక్కచుక్కగా సీసాలో పడేది. ఆ బట్ట ఆరకుండా తడుపుతూ ఉండటం, సీసా నిండగానే మూత పెట్టడం అమ్మ చూసుకునేది. పొద్దున టిఫినుకు ఉగ్గాని చేయడానికి బొరుగులు తడుపుతూ ఒక కన్ను ఆ సీసా మీదే వేసి ఉంచేది. చుట్టాలు వచ్చి, "నీళ్ళు కాచి మళ్ళా నీళ్ళే చేస్తాండావు, ఇదేం పనమ్మా," అని నవ్వితే అమ్మ నవ్వేది కాదు. "మీరు తాగేటివి వేరే. ఇవి వేరే," అనేది. ఆ సీసాలు మా ఇంట్లో నెయ్యి కన్నా జాగ్రత్తగా ఉండేవి.

జేజికి, అంటే నాయన అమ్మకు, ఈ పని నచ్చేది కాదు. తాత విల్లు గోడకు తగిలించి పెట్టుకుని, అప్పుడప్పుడు ఎవరైనా పాత పరుపు తెస్తే తనే దించి ఏకేది. ఆ నారి మోత వినబడితే నాయన కొట్టులో పని ఆపి ఒక నిమిషం వినేవాడు. పైకి ఏమీ అనేవాడు కాదు. జేజి మాత్రం అనేది: "మెత్తని పని ఇడిసి ఈ మంటల పని యాడ దొరికిందిరా నీకు."

నా పని రీడింగులు రాయడం. నాయనకు అంకెలు బాగా వచ్చు గాని రాత అంత రాదు. ఛార్జింగు పెట్టిన ప్రతి బ్యాటరీకి, ప్రతి సెల్లులో గాజు మీటరు ముంచి, యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చూసి, సుద్దముక్కతో కొట్టు వాకిలి తలుపు చెక్క మీద రాసేవాడు. చెక్క నిండితే తుడిచేసేవాడు. నేను హైస్కూల్లోకి వచ్చాక వాటిని ఒక నోటుబుక్కులోకి ఎక్కించడం మొదలుపెట్టాను. బ్యాటరీ ఎవరిది, ఎన్నో తారీకు, ఆరు సెల్లులకు ఆరు అంకెలు. "ఎందుకు పాపా, అయిపోయిందానికి," అనేవాడు మొదట్లో. తర్వాత ఆయనే పిలిచి రాయించేవాడు. ఆరింటిలో ఒకటి వెనకబడితే మిగతా అయిదు దాన్ని మోయలేక పోతాయని, అందుకే ఒకే తీరున్న వాటిని జతచేయాలని చెబుతూ, కొత్త ప్లేట్లు వేసేటప్పుడు పది సెట్లు తీసి చూసి ఆరు ఎంచుకునేవాడు. ఆ ఎంపికకు అరపూట పట్టేది. బయట లారీ డ్రైవర్లు గొణిగేవాళ్ళు. ఆయన తల ఎత్తేవాడు కాదు.

పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం మా కొట్టుకు కొత్త పని వచ్చింది. ఉపగ్రహం పెట్టి ఆకాశంలోంచి నేరుగా పల్లెలకు టీవీ బొమ్మలు పంపే ఏర్పాటు ఏదో ప్రభుత్వం ఏడాది పాటు చేసింది. ఆ ఉపగ్రహం కూడా మనది కాదు, వేరే దేశానిది. ఆదోని దాటి పడమటగా, కన్నడ మాట తెలుగులో కలిసిపోయే చోట ఒక పల్లె. అక్కడికి ఇంకా కరెంటు రాలేదు. బడి మిద్దె మీద ఇనుప జాలితో పెద్ద గొడుగు తిప్పిపెట్టినట్టు యాంటెన్నా కట్టారు, గదిలో టీవీ పెట్టారు. దాన్ని నడిపేది బ్యాటరీ. ఒక బ్యాటరీ ఊళ్ళో ఉంటే ఒకటి మా కొట్టులో ఛార్జింగులో ఉండేది. ఈ టీవీలన్నీ చూసుకునే ఇంజనీరు శ్రీధర్ గారని ఒక కుర్రాయన, జీపులో వచ్చి పని మాకు అప్పగించి వెళ్ళాడు. నాయన ఆ రోజు కొట్టు ముందర నీళ్ళు చల్లించాడు.

రెండు నెలలు తిరగక ముందే శ్రీధర్ గారు కోపంగా వచ్చాడు. కొట్టులో నలుగురు ఉన్నారు. "ఏమయ్యా మౌలాలీ, ప్రతిసారీ ప్రోగ్రాం సగంలో ఆగిపోతోంది. ఊళ్ళోవాళ్ళు నన్ను నిలదీస్తున్నారు. పూర్తిగా ఛార్జ్ చేయకుండానే పంపిస్తున్నావా?" అన్నాడు. నాయన, "నిండుగా చేసే పంపిస్తాండా సార్. తిరిగొచ్చేటప్పటికి యాసిడ్ పలచబడి వస్తాండాది. ఎవురో నీళ్ళు కలుపుతాండారు," అన్నాడు. "యాసిడ్‌లో నీళ్ళు ఎవరు కలుపుతారయ్యా? నీకు చేతకాకపోతే చెప్పు, ఇంకెవరికైనా ఇస్తాను," అని జీపెక్కి వెళ్ళిపోయాడు. నాయనకు చేతకాదని ఎవరూ అంతవరకు అనలేదు. ఆ పూట జొన్నరొట్టె ముందు పెట్టుకుని తుంచుతూ కూర్చున్నాడు గాని తినలేదు.

నేను నోటుబుక్కు తీసి చూశాను. ఆ రెండు బ్యాటరీలవీ వచ్చిన ప్రతిసారి అంకెలు రాసి ఉన్నాయి. ప్రతి విడతా కొంచెం కొంచెం తగ్గాయి. సెల్లుల్లో నీటి మట్టం మాత్రం ప్రతిసారీ నిండుగానే ఉందని పక్కన రాసి ఉంది. నాయన చెప్పింది నిజమని కాగితం మీద కనబడుతోంది. "నేను పోయి చూసొస్తా నాయనా," అన్నాను. ఆయన కొట్టు వదిలి వెళ్ళడానికి లేదు, పంట ట్రాక్టర్ల బ్యాటరీలు వరసగా ఉన్నాయి. జేజి గోడ వారన కూర్చుని దూది విడదీస్తూ ఉంది. "దానికి తోడు నేను పోతా," అంది. నాయన ఆమె వంక చూశాడు. బ్యాటరీ పనిని తిట్టని రోజు లేని మనిషి ఆమె.

ఛార్జి చేసిన బ్యాటరీని గంపలో పెట్టుకుని ఆదోని దాకా బస్సులో, అక్కడినుంచి ఇంకో బస్సులో, రోడ్డు మీద దిగాక ఎద్దులబండిలో పోయాం. ఆ బండిదారి నిండా నాపరాయి. ఒక్కొక్క కుదుపుకు గంప ఒక పక్కకు ఒరిగేది. నేను చేతులతో పట్టుకున్నా ఆగలేదు. ఊరు చేరేసరికి గంప అడుగు తడిసి, బ్యాటరీకి చుట్టిన గోనెపట్టా నల్లబడి చిల్లులు పడింది. బడి దగ్గర, అక్కడ పాఠాలు చెప్పే ఈరన్న అయివారు ఎదురొచ్చారు. టీవీ చూసుకునేది ఆయనే. సన్నగా, ఎర్రటి కళ్ళతో, బ్యాటరీని సొంత బిడ్డలా రెండు చేతులా దించుకున్నారు. "ఎప్పుడూ ఇట్లనే ఒలుకుతాదమ్మా. దానికేమి, నేను చూసుకుంటా," అని లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి, మూతలు తీసి, ఆరు సెల్లుల్లోనూ నిండుగా పోశారు. ఒక్క చుక్క బయట పడనీయకుండా, ఎంతో శ్రద్ధగా.

"ఈ నీళ్ళు యాడివి సార్?" అని అడిగాను.

"మా బావివేనమ్మా. శానా తియ్యగుంటాయి. ఊర్లో మంచి బావి ఇదొక్కటే."

గాజు మీటరు ముంచి, పొద్దున కల్లూరులో రాసిన అంకె, ఇప్పుడున్న అంకె రెండూ నోటుబుక్కులో చూపించాను. ఒలికింది యాసిడ్ అని, పోసింది నీళ్ళని, బావి నీళ్ళలోని సున్నం ప్లేట్లను తింటుందని చెప్పాను. అయివారు ఆ రెండు అంకెల మీద వేలు పెట్టి చూశారు. "అంటే టీవీని ఆపేస్తా ఉండింది నేనేనా," అన్నారు. అప్పటికే చీకటి పడబోతోంది. బడి ముందర జనం చేరుతున్నారు. పిల్లలు ముందు వరస, ఆడవాళ్ళు గోడ పక్కన. టీవీ పెట్టారు. మొదట సేద్యం గురించి ఏదో చెప్పారు. ఆ తర్వాత పిల్లల కార్యక్రమం మొదలైన కొద్దిసేపటికే బొమ్మ నాలుగు పక్కల నుంచి ముడుచుకుంటూ, చిన్నదై, అగ్గిపెట్టంతయి ఆరిపోయింది. ఎవరూ అరవలేదు. అలవాటైన వాళ్ళలా లేచి దుమ్ము దులుపుకున్నారు. ఒక ముసలామె మాత్రం నా దగ్గరికి వచ్చి, "కడాకు ఏమయితాదో ఒక్కసారి గూడా చూడల్యామ్మా," అంది.

జేజి ఆ రాత్రి అయివారి ఇంట్లో పడుకోబోయే ముందు ఒక్కటే మాట అంది. "కోడిగుడ్లకన్నా కింద గడ్డి పరుస్తారు. మీరు దీన్ని ఒట్టి గంపలో పెట్టి పంపిస్తాండారు."

ఇంటికి రాగానే ఆమె విల్లు దించింది. రెండు రోజులు ఏకింది. మందపాటి గుడ్డలో దూది కూరి, బ్యాటరీ కొలతకు సరిగ్గా నాలుగు పక్కలా, అడుగునా సరిపోయేటట్టు మెత్తలు కుట్టింది. మూతలు పైకే ఉండాలని నేను చెప్తే, గంప అంచుకు నాలుగు తాళ్ళు కట్టి బండి కొయ్యలకు వేలాడదీసేటట్టు తనే ఆలోచించింది. బండి ఎంత కుదిపినా గంప ఊగుతుందే గాని ఒరగదు. నాయన పాడైన సెల్లులు విప్పి, కడిగి, ప్లేట్లు మార్చాడు. అమ్మ రెండు సీసాల బ్యాటరీ నీళ్ళకు మూతల మీద గుడ్డ కట్టి ఇచ్చింది. అయివారికి నేను ఒక చీటీ రాశాను: మట్టం తగ్గితే ఈ సీసాలోవే పోయండి, బావివి వద్దు.

ఈసారి నాయన కూడా వచ్చాడు. కొట్టు మూసి రావడం నాకు తెలిసి అదే మొదటిసారి. బండి దిగాక గంప అడుగు తడిమి చూశాడు. పొడిగా ఉంది. ఆ సాయంత్రం సేద్యం అయింది, పిల్లల కార్యక్రమం అయింది, ఎక్కడివాళ్ళో డప్పులు కొడుతూ ఆడిన ఆట అయింది, వార్తలు అయ్యాయి. ప్రసారం అయిపోయిందని చెప్పి తెర తెల్లబడ్డాక కూడా ఎవరూ లేవలేదు. ఇంకేమైనా వస్తుందేమోనని కూర్చునే ఉన్నారు. ఆ ముసలామె నాయన చేయి పట్టుకుని ఏదో చెప్పింది. సగం కన్నడం, నాకు అర్థం కాలేదు. నాయన తల ఊపుతూ నిలబడ్డాడు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో, "మీ జేజికి చెప్పు పాపా, దూది పని ఇడిసిపెట్టల్యా మనము," అన్నాడు.

నెల తర్వాత శ్రీధర్ గారు వచ్చాడు. ఈసారి జీపు దిగి, చెప్పులు విడిచి కొట్టులోకి వచ్చాడు. ఆ రోజు అందరి ముందర అన్న మాటకు అందరి ముందరే క్షమించమని అడిగాడు. మిగతా పల్లెలకు కూడా అలాంటి మెత్తలు కుట్టించి ఇమ్మన్నాడు. తర్వాత నోటుబుక్కు తిరగేసి, "ఇది రాసిందెవరు?" అన్నాడు. "మా పాప కాశింబీ సార్," అన్నాడు నాయన. ఆయన నన్ను నాలుగు ప్రశ్నలు అడిగాడు, నేను చెప్పాను. "మౌలాలీ, ఈ అమ్మాయిని ఇంజనీరింగ్ దాకా చదివించు. ఇలా రాసేవాళ్ళు మా ఆఫీసులో కూడా లేరు," అని వెళ్ళాడు.

ఆ మాట మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. మా పెద్దనాయన వచ్చి కూర్చుని, "ఆడపిల్లకు యాసిడ్ చేతులైతే రేపు ఎవురు చేసుకుంటార్రా?" అన్నాడు. నాయన తన రెండు చేతులు ముందుకు చాపాడు. అన్నీ కాలిన మచ్చలు. తర్వాత నన్ను పిలిచి నా చేతులు పక్కన పెట్టించాడు. "చూడన్నా. అయిదేండ్ల నుంచి పని చేస్తాండాది. ఒక్క మచ్చ ఉండాదా? పని నాకన్నా దానికే బాగా తెలుసు. చదువుకోనీ," అన్నాడు. పెద్దనాయన అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు. నేను కాలేజీలో చేరాను.

తర్వాత బెంగళూరులో నేను చేరిన చోట గోడలు తెల్లగా, గాలి కూడా వడకట్టినట్టుగా ఉండేవి. ఉపగ్రహానికి ఎండే తిండి. రెక్కల్లాంటి పలకల మీద ఎండ పడితే కరెంటు పుడుతుంది. కానీ ఏడాదిలో రెండు విడతలు, వరసగా కొన్ని వారాలు, అది రోజూ కొంతసేపు, ఎక్కువైతే గంటకు పైగా, భూమి నీడలోకి పోతుంది. ఆ గంట బ్యాటరీ మోయాలి. మోయకపోతే ఉపగ్రహం చచ్చిపోతుంది, బాగుచేయడానికి బండి కట్టుకుని పోలేం. నేను చేరినప్పుడు నికెల్ కాడ్మియం సెల్లులు, తర్వాత లోపల హైడ్రోజన్ గ్యాసు నింపిన గుండ్రటి సెల్లులు, ఇప్పుడు లిథియం. సెల్లులు మారాయి గాని పని మారలేదు. వందల్లోంచి ఒకే తీరున్న వాటిని ఎంచుకోవడానికి మాకు వారాలు పట్టేది. పైన మేనేజర్లు గొణిగేవాళ్ళు. రాకెట్టు కుదుపును తట్టుకుంటాయో లేదోనని బల్ల మీద పెట్టి ఊపి చూసేటప్పుడు నా తోటివాళ్ళు కంప్యూటరు చూస్తే నేను నాపరాయి దారి చూసేదాన్ని. ఇప్పటి పిల్లలకు తెలివి మాకన్నా ఎక్కువ. కొలిచే యంత్రాలు మేము కలగనలేనివి. వాళ్ళను చూస్తే నాకు అసూయ లేదు, గర్వమే. కాని ఒక సెల్లును చేతిలోకి తీసుకుని బరువు చూసే అలవాటు వాళ్ళకు లేదు. అది ఉంటే బాగుండేదనిపిస్తుంది.

నా చేతి మీదుగా మొత్తం బ్యాటరీ తయారైన మొదటి ఉపగ్రహం వెళ్ళబోయే ముందు నాయనను బెంగళూరు తీసుకొచ్చాను. లోపలికి రానివ్వరు, అద్దం అవతలినుంచి చూడాలి. తెల్లటి ఇస్త్రీ చొక్కా వేసుకుని అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడ్డాడు. "యాసిడ్ లేదా?" అన్నాడు. లేదన్నాను. "నీళ్ళు ఎవురు పోస్తారు పైన?" అన్నాడు. "ఎవరూ పోయరు నాయనా. పదేండ్లు ఎవరూ ముట్టుకోరు." ఆయన అద్దం మీద పట్టిన తన ఊపిరి ఆవిరిని అరచేత్తో తుడిచాడు. "నా చేతిలో బాగయిన బ్యాటరీ ప్రతి ఒక్కటీ మళ్ళా నా దగ్గరికే వచ్చినాది పాపా. పదేండ్లు ముట్టుకోకుండా ఉండేది నేను చేయలేను," అన్నాడు. ఆ మాటలో బాధ లేదు. ఒక మేస్త్రి ఇంకో మేస్త్రి పనిని ఒప్పుకున్నాడు, అంతే.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఫోనులో నా ఆరోగ్యం కన్నా ముందు, "పైదెట్లుండాది?" అని అడిగేవాడు. "బాగుండాది నాయనా," అనేదాన్ని. పదేళ్ళు దాటాయి. ఇంకో రెండేళ్ళు దాటాయి. ఆయన కొట్టు మూసేశాడు, కళ్ళు మసకబారాయి, అడగడం మాత్రం మానలేదు. చివరికి ఒక రోజు ఆ ఉపగ్రహాన్ని దాని దారిలోంచి పక్కకు తప్పించి, ఆపేశారు. ఆ ఆదివారం ఎలా చెప్పాలా అని ఆలోచించి, ఉన్నదున్నట్టు చెప్పాను.

"బ్యాటరీ పోయినాదా?" అన్నాడు మెల్లగా.

"లేదు నాయనా. దాన్ని దారిలో నిలబెట్టే ఇంధనం అయిపోయినాది. బ్యాటరీ కడా దాకా బాగుండాది."

ఫోను పెట్టేయడం మరిచిపోయాడు. అమ్మను పిలిచి చెప్పడం వినబడింది. తర్వాత వాకిట్లోకి నడిచిన చప్పుడు, దారిన పోయే ఎవరినో ఆపిన చప్పుడు. "మా పాప చేసింది. ఇంధనం అయిపోయినాదంటప్పా. బ్యాటరీ పోల్యా."